సమీక్షకుడికి సన్మానం

ముందు వరసలో మూడో కుర్చీ. దాని వీపుకి ‘ప్రత్యేక అతిథి’ అని రాసిన కాగితం అంటించారు, ఆనుకుంటే గుచ్చుకుంటోంది, పీకేద్దామంటే వెనక ఎవరో చూస్తున్నట్టుంది, చూస్తే చూడనీ అని ఆవిడ చెయ్యి వెనక్కి పోనిచ్చి దాన్ని లాగి, మడిచి, చేతిసంచిలో పడేసింది. ప్రత్యేకమట. వేదిక మీద ఒకతను మైకు ముందు నిలబడి హలో హలో అంటున్నాడు, మైకు కీచుమంటోంది, ఒకరొచ్చి తీగ ఊపారు, ఇంకొకరొచ్చి అదే తీగ మళ్ళీ ఊపారు, ఇంతమంది ఇంజనీర్లున్న హాల్లో ఒక్క మైకు నోరు మూయించే దిక్కు లేదు. ఈ మాట ఆయనుంటే పైకే అనేసేవాడు. అందుకే ఏ సభకీ ఆయన్ని ఎవరూ పిలిచేవారు కాదు, పిలిచినా వెళ్ళేవాడు కాదు, ఆ ఏర్పాటు రెండు పక్షాలకీ సుఖంగానే ఉండేది. ఇప్పుడు తెర మీద ఉన్నాడు. గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫొటో, ఎవరో తప్పు లెక్క తెచ్చి చూపించినట్టు మొహం పెట్టుకుని, మెడ కాస్త కుడికి వంచి. ఫొటో కింద పేరు, పేరు ముందు ‘కీర్తిశేషులు’. పొద్దున్న ఆవిడ మెట్లెక్కి ఈ హాల్లోకి తొంగిచూసినప్పుడు ఆ మాట లేదు. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు, ‘ఈ యేటి ఉత్తమ సమీక్షకుడు’ అని పెద్దక్షరాల్లో, ‘ఏడాదిలో పదకొండు పరిశోధన పత్రాలు, ఒక్కొక్కటీ రెండు రోజుల్లోపే’ అని చిన్నక్షరాల్లో. ఆవిడ ప్రధాన సంపాదకుడి గదిలోకి వెళ్ళి ఒక్క మాట చెప్పి బయటికొచ్చేసరికి పదకొండూ లేదు, రెండు రోజులూ లేదు, ఈ యేడూ లేదు, ‘జీవితకాల సేవలకు గుర్తింపుగా’ అని వచ్చింది. రెండేళ్ళ కిందట పోయిన మనిషిని పొద్దుటిదాకా బతికించి ఉంచి, పావుగంటలో చంపేశారు. ఇంత చురుగ్గా వీళ్ళు ఇంకే పనీ చేసి ఉండరు.

ఒక్క మాటే. ఆయన పోయి రెండేళ్ళయిందండీ, అంది. సంపాదకుడి చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఫోను చేసిన ఆఫీసు అమ్మాయి తలుపు పక్కనే నిలబడి గోడలో కలిసిపోదామని చూసింది. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. ఉత్తమ సమీక్షకుడికి మెయిలు మీద మెయిలు పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే పాత సభ్యుల పుస్తకం వెతికి ఇంటి నంబరు పట్టుకుంది, పని మీద శ్రద్ధ ఉన్న పిల్ల, ఈ భవనం మొత్తానికి అలాంటిది ఒక్కతే ఉన్నట్టుంది. సార్‌కి అవార్డు వచ్చిందండీ, తప్పకుండా రమ్మని చెప్పండి, అంటూ ఎదుటి మనిషికి సందివ్వకుండా చెప్పుకుపోయింది. ఆవిడ ఫోను పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళకా, అనుకుంది. ఆలస్యమైతేనేం, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకున్నారు, పోయిన సంగతి ఈ పిల్లకి తెలియదు గాని పైవాళ్ళు తెలిసే ఇస్తున్నారు, అనుకుంది. కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి, ఇప్పుడు ఆ నీళ్ళు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. సభలో చదవాలండీ, పేర్లు సరిగ్గా పలుకుతున్నానో లేదో వినండి, అని ఆ పిల్ల ఆయన ఈ యేడాది చూసి పంపిన పత్రాల పేర్లు ఒక్కొక్కటే చదివింది. ఈ యేడాది. మొదటిది వింటుంటే అయోమయం, రెండోదానికి అనుమానం, ఆరోదో ఏడోదో ‘లిఫ్టు తాళ్ళ ఆయుష్షు పెంపుదల’ అని వినిపించాక ఇంకేమీ చెవికెక్కలేదు. వస్తాం, అంది ఆవిడ. వస్తాను అనలేదు, వస్తాం అంది, ఎందుకందో ఇప్పటికీ తెలియదు.

మైకు ఎట్టకేలకి లొంగింది. ఎవరో పెద్దమనిషి పత్రిక చరిత్ర మొదలుపెట్టాడు. నాణ్యత, నిబద్ధత, నైతికత. నైతికత అన్నప్పుడల్లా చేత్తో గాల్లో తడిబట్ట పిండుతున్నాడు. అసలు ఈ సమీక్ష అంటే ఏమిటో పెళ్ళైన కొత్తలో ఆవిడకి అంతు చిక్కేది కాదు. ఒకడు ఏదో కనిపెట్టానని రాసి పత్రికకి పంపుతాడు. పత్రికవాళ్ళు దాన్ని ఆ విద్య తెలిసిన ఇద్దరికో ముగ్గురికో గుట్టుగా పంపిస్తారు, వాళ్ళు చదివి, లెక్కలు సరిచూసి, వెయ్యండి అనో వద్దనో చెప్తారు, చెప్పినవాడి పేరు రాసినవాడికి తెలియనివ్వరు. మరి చదివినందుకు ఏమిస్తారు? ఏమీ ఇవ్వరు. రాసినవాడికి? వాడికీ ఏమీ లేదు, కొన్నిచోట్ల వాడే ఎదురిచ్చుకోవాలి. అయితే పత్రిక జనానికి ఊరికే ఇస్తారు కాబోలు. ఊరికే ఎందుకిస్తారు, లైబ్రరీలు గుడ్లు తేలేసే ధర. వండినవాడికీ కూలి లేదు, రుచి చూసినవాడికీ కూలి లేదు, వడ్డించినవాడు మాత్రం మేడ కట్టాడన్నమాట, అని ఆవిడంటే ఆయన నవ్వలేదు. ఒకరి పని ఒకరు చూడకపోతే మేం చెప్పేదానికీ పుకారుకీ తేడా ఏముంటుంది, అన్నాడు. ఆవిడ బళ్ళో జాగ్రఫీ టీచరు. పరీక్షలైతే జవాబు పత్రాల కట్టలు ఇంటికొచ్చేవి. భోజనాల బల్లకి అటు ఆవిడ, ఇటు ఆయన, ఇద్దరి చేతుల్లోనూ ఎర్ర పెన్నులే. సముద్రంలో పుట్టి కొండెక్కిన నదిని చూసి ఆవిడ పగలబడి నవ్వితే, ఆయన తల ఎత్తకుండా, నీవాళ్ళు నయం, తెలియక రాస్తారు, అనేవాడు.

రెండు రోజులట! రెండు రోజుల్లో ఆయన పత్రం పేరు దాటి ముందుకెళ్ళిన పాపాన పోలేదు. ఒక్కోదానికి వారాలు పట్టేవి. అందులో గీసిన గీతలన్నీ స్కేలు పెట్టి కొలిచేవాడు, వాళ్ళు చేసిన లెక్క మళ్ళీ తనే చేసేవాడు, మధ్యలో లేచి ఇల్లంతా తిరిగేవాడు, ఎదురొస్తే ఆవిడనే అడిగేవాడు, ఇతనికి ఈ అంకె ఎక్కడిది అని, ఆవిడే దాచిపెట్టినట్టు. పత్రికవాళ్ళు తొందరపెడుతూ ఉత్తరం రాస్తే ఆ ఉత్తరంలో తప్పులు దిద్ది తిప్పి పంపేవాడు. కూతురు బడి నాటకంలో వానదేవుడి వేషం వేస్తే ఈయన రాలేదు, ఎవరి పత్రంలోనో వంతెన కంపనం లెక్క తేలలేదట, పిల్ల ఆ వేషం విప్పకుండానే ఇంటికొచ్చి ఆయన ముందు నిలబడింది, బాగుందమ్మా, రెండో పేజీ ఒక్కటి చూసుకుని వస్తాను, అన్నాడు. వానదేవుడు ఏడుస్తూ పడుకుంది. ఆ పత్రికని ఆవిడ సవతిలాగే చూసింది. సవతైనా నయం, పండక్కో పబ్బానికో పలకరిస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ రాతల కోసం ఇంట్లో మనుషుల్ని వాయిదా వేశారు కదా అని ఆవిడ ఎన్నిసార్లు దెప్పిందో. దెప్పిన ప్రతిసారీ ఆయన ఒకటే అనేవాడు, వాళ్ళు తెలియదు గాని ఆ వంతెన మీద నడిచేవాళ్ళు తెలుసు. ఆ జవాబు సరైనదని తెలిసే ఆవిడకి ఇంకా కోపమొచ్చేది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఆయన మీద కోపం ఆయనతోనే పోతుందనుకుంది, పోలేదు. కానీ అది ఆవిడ సొంతం. ఆ సాయంత్రాలు ఆవిడవీ కూతురివీ, వాటిని తీసుకెళ్ళి ఆయన ఈ పత్రికకి పోశాడు, అలా పోసి సంపాదించిన పేరు ఇది, ఇప్పుడా పేరు దారినపోయే ప్రతివాడూ వాడి పారేసే గుడ్డపీలిక అయింది.

నాలుగో వరసలో, నడవా పక్కన, పొడుగబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు గాని వీపుకి తెలుస్తోంది. ఆయన చివరి విద్యార్థి. మొదటిసారి ఇంటికొచ్చిన రోజు గుమ్మం తలకి తగిలింది, ఆ రోజు నుంచీ పేరు పొడుగబ్బాయే, పదేళ్ళుగా పదవులు మారినా ఆ పేరు మారలేదు. ఇంట్లో ఆ భోజనాల బల్ల దగ్గరే తిన్నాడు, కూర వేసుకునే గరిట ఎక్కడుంటుందో అడగకుండా తీసుకునేంత చనువు. ఆయన కోప్పడితే మొహం చిన్నబుచ్చుకుని వంటింట్లోకొచ్చి నిలబడేవాడు, ఆవిడ చేతికి ఏదో ఒక పని అప్పగించేది, ఉల్లిపాయలు తరగమనో, పై అరలో డబ్బా దింపమనో, కాసేపటికి ఇద్దరూ కలిసి ఆయన్ని తిట్టుకునేవాళ్ళు. అతను పట్టుకున్న పని లిఫ్టు తాళ్ళ మీద. ఉక్కు తీగలు వందల కొద్దీ మెలేసి చేసే తాడు అది, లోపల ఒక్కో తీగే అలిసిపోయి తెగుతూ వస్తుందట, పైకి చూస్తే నిగనిగలాడుతూనే ఉంటుందట. ఇనుము అలిసిపోవడమేమిటి, అని ఆవిడ మొదట్లో నవ్వింది. తాడు మార్చకుండా ఇంకొన్నేళ్ళు నడపచ్చని తేలిస్తే లిఫ్టుల కంపెనీలు నెత్తిన పెట్టుకుంటాయి, పొడుగబ్బాయి అదే తేల్చాడు. పత్రం రాసుకుని ఒక సాయంత్రం తెచ్చాడు, గురువుగా ఆయన పేరు కూడా పక్కన వేసి. ఆయన చదివాడు, చదివి, వెనక్కి తిప్పి, మళ్ళీ చదివాడు. ఆవిడ ఆ రోజు బల్లకి ఇటు చివర కూర్చుని దిద్దుకుంటోంది, ఎర్ర పెన్ను అలాగే గాల్లో ఆగిపోయింది, ఎందుకంటే ఆయన గొంతు పెంచలేదు. గొంతు పెంచకపోతే సంగతి పెద్దదని అర్థం.

“తెగినవేవి?”

“ఏవి సార్?”

“మిషను మీద ఎక్కించిన తాళ్ళలో రెండు తెగాయని పోయిన నెల నువ్వే చెప్పావు. ఇందులో లేవేం?”

“అవి మిషను పట్టు సరిగ్గా బిగించక తెగాయి సార్. తాడు తప్పు కాదు. అందుకని లెక్కలోంచి తీసేశాను.”

“లిఫ్టులో ఉన్నవాడికి ఆ సంగతి చెప్తావా?”

ఆయన తన పేరు కొట్టేశాడు, పత్రం తిప్పి ఇచ్చాడు, ఆ రెండు తాళ్ళూ మళ్ళీ పరీక్షించు, మళ్ళీ తెగితే తెగాయని రాయి, తెగకపోతే అప్పుడు తీసుకురా, అన్నాడు. పట్టు వల్లే అయ్యుండచ్చు, కాదనను, కానీ నువ్వనుకోవడం వేరు, చూడటం వేరు. పొడుగబ్బాయి ఆ రోజు వంటింట్లోకి రాలేదు. ఆ తర్వాత ఆయనకి జబ్బు చేసింది. ఆస్పత్రిలో రాత్రిళ్ళు కాపలా ఉన్నది పొడుగబ్బాయే, కూతురు దూరాన ఉంటే కొడుకై నిలబడ్డాడు, ఆ మాట ఆవిడ ఎక్కడైనా చెప్తుంది, ఇప్పుడు కూడా చెప్తుంది, అదే కదా మింగుడుపడనిది. ఆయన పోయాక ఫోన్లు చేయడానికి ఆవిడకి చేతులాడలేదు. మీరు కూర్చోండమ్మా, యూనివర్సిటీకీ పత్రికలకీ అందరికీ నేను చెప్తాను, అన్నాడు. సరే నాయనా, అంది. అందరికీ చెప్పాడు, ఈ పత్రికకి తప్ప.

పెద్దమనిషి ఇంకా చెప్తున్నాడు, మన సమీక్షా విధానం ప్రపంచంలోని ఏ పత్రికకీ తీసిపోదట. తీసిపోదు మరి. ఆ విధానమేమిటో ఇందాక సంపాదకుడి గదిలో ఆవిడకి నోరారా వివరించారు. పత్రం పంపేటప్పుడు రాసినవాళ్ళనే అడుగుతారట, మీ పత్రాన్ని ఎవరు చూస్తే బాగుంటుంది, వారి మెయిలు అడ్రసు ఇవ్వండి అని. వాళ్ళిస్తారు. కంప్యూటరు ఆ అడ్రసుకి పంపుతుంది. ఆ అడ్రసు నిజంగా ఆ మనిషిదేనా అని ఎవరు చూస్తారండీ, అని ఆవిడ అడిగితే సంపాదకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, రోజుకి అన్నేసి వస్తాయమ్మా, అన్నాడు. ఆవిడ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పదిహేనేళ్ళ పిల్లల జాగ్రఫీ పరీక్షకి పేర్లు దాచి, నంబర్లు మార్చి, కట్టలకి సీలు వేసి ఊరు దాటించి దిద్దించేవారు, నది ఎటు పారుతుందన్న ఒక్క ప్రశ్న కోసం. ఇక్కడేమో మనుషులు ఎక్కి దిగే తాళ్ళ సంగతికి, పరీక్ష రాసినవాడే దిద్దేవాణ్ణి ఎంచుకుని, ఆ దిద్దేవాడి ఇంటి తాళం కూడా తన జేబులోనే పెట్టుకుంటాడు. కంచే చేను మేస్తే అంటారు గాని, ఇక్కడ కంచె కూడా లేదు, కంచె ఉందని బోర్డుంది. పైగా అంతా అయ్యాక కంప్యూటరు లెక్క కట్టి చెప్పిందట, అందరికంటే త్వరగా చదివేవాడు ఈయనేనని. బాగా చదివేదెవరని దాన్ని ఎవరూ అడగలేదు. ఆయన పేరెందుకు వాడారో ఆవిడకి అప్పుడే అర్థమైంది. ముక్కుమీద కోపం మనిషి, ఎవరికీ ఊరికే తలూపడు, ఆయనే బాగుందన్నాడంటే ఇంక రెండోవాడు నోరెత్తడు. ఆయన ముప్పై ఏళ్ళు వద్దు వద్దు అని కూడబెట్టిన విలువంతా ఒక్క ‘బాగుంది’ కింద మార్చేసుకున్నారు. ఆ దొంగ సమీక్ష కూడా చూపించారు, ఎనిమిది వాక్యాలు, ఎంత మర్యాదో, ‘రచయితల కృషి అభినందనీయం’. అభినందనీయం! ఆ మాట ఆయన నోట పెళ్ళి పీటల మీద కూడా రాలేదు.

ఎవరు చేశారో విచారిస్తాం, తప్పకుండా విచారిస్తాం, లోపల్లోపల, అన్నాడు సంపాదకుడు. లోపల్లోపల అనే మాట రెండుసార్లన్నాడు. మీరు ఇంత దూరం వచ్చారు, హాలు నిండిపోయింది, బయటివాళ్ళు వచ్చారు, పత్రిక పరువు మీకు తెలియనిది కాదు. అసలు ఇన్నేళ్ళ సేవకి మేం వారికి ఎప్పుడో చేయాల్సింది చేయలేదు, ఇవాళ ఆ రుణం తీర్చుకోనివ్వండి, జీవితకాల పురస్కారంగా మార్చేద్దాం, మీరు అందుకోండి. ఆ పదకొండు పత్రాల సంగతి? మెల్లిగా చూద్దామమ్మా, అవన్నీ అచ్చైపోయాయి. ఆవిడ అప్పుడు ఏమీ అనకుండా లేచి వచ్చేసింది. ఏమీ అనకపోవడానికి కారణం ఉంది, దాన్ని ఒప్పుకోవడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది. జీవితకాలం అనే మాట ఆవిడకి రుచించింది. ఆ మాట ఆయనకి నిజంగా చెందుతుంది కదా. అన్ని సాయంత్రాలు, అన్ని తిరస్కారాలు, ఎవరూ ఒక్క కార్డు ముక్క రాయలేదు, పేరు తెలియని పని కాబట్టి పేరు రాలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడని లోకం అంటుంది, ఆయన కళ్ళు నిజంగానే చారెడు, బతికుండగా ఎవరూ చూడలేదంతే. అదిప్పుడు ఇస్తామంటున్నారు, గాజు జ్ఞాపిక, పేరు చెక్కించి, కూతురు ఇంట్లో అలమరలో పెట్టుకుంటుంది, మనవలు అడిగితే మీ తాతయ్యది అని చూపిస్తుంది. ఎంత తెలిసి విసిరారు ఎర! ఆకలిగా ఉన్నచోటే చూసి వేశారు. ఆవిడకి సంపాదకుడి మీద కంటే నోరూరిన తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

పక్క కుర్చీ కదిలింది. పొడుగబ్బాయి. ఎప్పుడు లేచి వచ్చాడో, మోకాళ్ళు ముందు పట్టక పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు. పొద్దున్న మెట్ల దగ్గర ఎదురైనప్పుడు ఆవిడింకా బాగున్నావా అని కూడా అనలేదు, అమ్మా, నాకేం తెలియదమ్మా, అన్నాడు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకుండానే భుజాలు తడుముకున్నాడు. ఇప్పుడు దగ్గర నుంచి చూస్తే కణతల దగ్గర నెరిసింది, ఎప్పుడు నెరిసింది, చొక్కా కాలరు ఒకవైపు లోపలికి మడిచిపోయి ఉంది, పాత అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి దాన్ని సరిచెయ్యడానికి కదిలి, ఒళ్ళోనే ఆగిపోయింది. అతను చెప్పుకున్నాడు, గుసగుసగా, ఆగి ఆగి. ఉద్యోగం ఖాయం కావాలంటే ఫలానా పత్రికలో పత్రం ఉండాలన్నారట, గడువు పెట్టారట, ఇద్దరు పిల్లలట. సార్ పేరు మీద తనే ఒక మెయిలు అడ్రసు తెరిచాడట, ఒక్కసారికే అనుకున్నాడట. తర్వాత సంగతి పసిగట్టిన స్నేహితులు మాకూ ఆ అడ్రసు ఇవ్వమన్నారు, కాదంటే బయటపెడతామన్నారు, అలా పొరుగింటి నిచ్చెనలాగా అది చేతులు మారింది. సార్‌కి చెడ్డపేరు వచ్చే మాట ఒక్కటి కూడా రాయలేదమ్మా, అన్నాడు, అన్నీ మంచి మాటలే. ఆ మాటకి ఆవిడకి నవ్వొచ్చింది.

“తీసుకోండమ్మా. ఎలాగైతేనేం, సార్‌కి రావాల్సిందే కదా.”

“ఆ రెండు తాళ్ళూ మళ్ళీ ఎక్కించావా?”

ఆవిడ ఎదురుచూసింది. ఎక్కించానమ్మా, తెగలేదు, అంటే చాలు, ఇప్పటికిప్పుడు ఈ క్షణంలో ఆవిడ సగం క్షమించేది, ఆ గాజు ముక్క తీసుకుని ఇంటికి పోయేది కూడానేమో, ఆస్పత్రి రాత్రిళ్ళకి అదే ప్రతిఫలం అనుకునేది. అబద్ధమైనా చెప్పలేదు, పిల్లాడు. అతనికి ఆవిడ దగ్గర అబద్ధం చెప్పడం చేతకాదు, అదింకా మిగిలి ఉంది.

“టైము లేకపోయిందమ్మా.”

టైము. రెండేళ్ళు. దొంగ అడ్రసు తెరవడానికి టైముంది, గురువు గొంతు పెట్టి మాట్లాడటానికి టైముంది, ఆ గొంతు పదిమందికి పంచడానికి టైముంది, తాడు తెచ్చి మిషనుకి బిగించి చూడటానికి లేదు. పత్రం అచ్చయ్యాక ఎంతమంది చూశారు అని అడిగితే, చాలామందమ్మా, అన్నాడు, మాట నోట్లోనే నమలుతూ, రెండు కంపెనీలు తాళ్ళు మార్చే గడువు పొడిగించుకున్నాయి, ఇది చూపించి. అంటే ఎక్కడో ఇప్పటికే ఆ తాళ్ళు నడుస్తున్నాయి. నీళ్ళ బుడ్లు మోసుకొచ్చేవాడు ఎక్కుతున్నాడు, మోకాళ్ళ నొప్పుల ముసలావిడ ఎక్కుతోంది, బడిసంచీతో పిల్ల ఎక్కి మీట నొక్కుతోంది, వాళ్ళందరికీ ఆయన హామీ, ఆయన సంతకం, ‘అభినందనీయం’. పట్టు వల్లే తెగాయేమో, తాళ్ళు మంచివేనేమో, ఎవరికి తెలుసు, ఎవరికీ తెలియదు, తెలుసుకోమనే కదా ఆయన అన్నది, ఆయన జీవితం మొత్తం మీద అన్నది ఆ ఒక్క మాటే కదా. ఆయన్ని ఆవిడ ఎన్నోసార్లు తిట్టుకుంది, మనుషుల కంటే కాగితాలు ముఖ్యమా అని. ఆ కాగితాల వెనక నిలబడ్డ మనుషులు ఇప్పుడు వరసగా ఒక్కొక్కరే ఆవిడ కళ్ళ ముందు లిఫ్టు ఎక్కుతున్నారు, తలుపులు మూసుకుంటున్నాయి, పైకి పోతున్నాయి. వద్దు అన్నాడు ఆయన. ఆయనకి మిగిలిన ఆస్తి ఆ వద్దు ఒక్కటే, దాన్ని పట్టుకెళ్ళి సరే అని అమ్ముకున్నారు. ఎంత ధైర్యం మీకు, అనుకుంది, ఎవరిని అంటోందో, పొడుగబ్బాయినో సంపాదకుణ్ణో గాలి పిండే పెద్దమనిషినో, అందర్నీ. ఏడుపు కాదు, ఆవిడకి తెలుసు ఏడుపెలా ఉంటుందో. కోపం, తలనిండా, చెవుల్లో హోరు పెట్టేంత కోపం.

పేరు పిలిచారు. కీర్తిశేషులు అని ముందు చేర్చి, గొంతు తగ్గించి, అందరూ చప్పట్లు కొట్టారు, చప్పట్లు కూడా తగ్గించి, పోయినవాళ్ళకి కొట్టే రకం. పొడుగబ్బాయి లేవబోయి, ఆవిడ మోచెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండా ఉండిపోయాడు. అతని మొహం చూసింది ఆవిడ. జరిగింది పైకి చెప్తే వీడి ఉద్యోగం పోతుంది, వీడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో, ఆ ఇద్దరు పిల్లలు ఆవిణ్ణి నానమ్మా అని పిలుస్తారు. దుఃఖం ముంచుకొచ్చింది. దుఃఖం దారి దుఃఖానిది, మెట్ల దారి మెట్లది. ఎక్కింది. దీపాలు కళ్ళల్లోకి కొడుతున్నాయి, సంపాదకుడు రెండు చేతులతో జ్ఞాపిక పట్టుకుని, నవ్వు సగానికి పెట్టుకుని ఎదురొచ్చాడు, మీరేం మాట్లాడనక్కర్లేదమ్మా, అని చెవిలో అన్నాడు, మీ బాధ మాకు తెలుసు. ఫొటో తీసేవాడు ఇటు చూడండి అన్నాడు. ఆవిడ జ్ఞాపిక అందుకోలేదు. సంపాదకుడి చేతుల పక్కనుంచి నడిచి మైకు దగ్గరికి వెళ్ళింది, అది ఎత్తుగా ఉంది, మెడ పట్టుకుని కిందికి వంచింది, అది ఒకసారి కీచుమని ఊరుకుంది. హాల్లో చప్పట్లు తలా ఓ చోట ఆగిపోయాయి. ఆవిడ గొంతు సవరించుకోలేదు. చివరి బెంచీదాకా వినపడేలా ఎలా మాట్లాడాలో ఆవిడకి తెలుసు.

“ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ యేడాది ఆయన పేరు పెట్టి పదకొండు పత్రాలు బాగున్నాయని ఒప్పుకున్నారు. పదింటి సంగతి నాకు తెలియదు, అవి ఆయన చూడలేదు. ఒకటి చూశారు, లిఫ్టు తాళ్ళది. బతికుండగా, నా ఎదురుగా, రెండుసార్లు చదివారు. చదివి వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో చెప్తాను, రాసుకోండి.”